చుక్క పెట్టిన మాట

ఇంగ్లండులో బ్రాక్‌నెల్ అనే ఊళ్ళో ఉద్యోగం చేసే రోజుల్లో, సాయంత్రాలు తోచక, లైబ్రరీలో జరిగే ఒక క్లాసులో చేరాను. ఇంగ్లీషు, జర్మన్, డచ్ మాటల్ని పక్కపక్కన పెట్టి, వాటన్నిటికీ మూలమైన పాత మాట ఎలా ఉండేదో తేల్చడం అక్కడి పని. అలా తేల్చిన మాట ముందు ఒక చుక్క, అంటే చిన్న నక్షత్రం గుర్తు, పెట్టేవాళ్ళం. ఇది ఎక్కడా రాసి ఉండగా దొరకలేదు, మనం ఊహించినదే అని దానర్థం. పగలంతా ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికేవాణ్ణి కాబట్టి, ఈ పని నాకు బాగానే పట్టుబడింది.

ఆ వేసవిలో నా ఫ్లాట్‌మేట్ నాన్నగారు తెనాలి నుంచి వచ్చారు. సంస్కృతం మాస్టారు. ప్రపంచంలోని భాషలన్నిటికీ సంస్కృతమే తల్లి అని ఉద్యోగం ఉన్నంతకాలం పిల్లలకి చెప్పిన మనిషి. క్లాసు సంగతి వినగానే ఇస్త్రీ పంచె కట్టి, పైన కొడుకు కోటు తగిలించి తయారైపోయారు. తన మాట నిజమేనని ఇంగ్లీషువాళ్ళ నోట వినాలని ఆయన ఆశ. అక్కడ ఏం వింటారో తెలిసిన నాకు బస్సులోనే గుబులు పట్టుకుంది.

క్లాసు చెప్పే ఆవిడ ఆ రోజు ఇంగ్లీషు ఫుట్, జర్మన్ ఫూస్ బోర్డు మీద రాసి, వాటిపైన చుక్క పెట్టి ఫోట్స్ అని రాసింది. మాస్టారు చెయ్యెత్తి 'పాద' అన్నారు. ఆవిడ సంబరపడిపోయింది. మాస్టారు చూశావా అన్నట్టు నా వైపు చూశారు. కానీ ఆవిడ పాదని అన్నిటికంటే పైన పెట్టలేదు. ఫోట్స్ పక్కన రాసి, ఆ రెండింటి పైన ఇంకో మాట రాసి, దానికీ చుక్క పెట్టింది. సంస్కృతం వీటికి అక్కే గాని తల్లి కాదని మర్యాదగానే చెప్పింది. గ్రీకు, లాటిన్ మాటలతో రుజువులూ చూపించింది. నేను తెలుగులో సర్దిచెప్పబోతే, అర్థమైందిలే అన్నారు మాస్టారు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన బస్సెక్కగానే కొడుకు కోటు విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు. నాకు జాలేసింది. ఏ తప్పూ లేని ఆవిడ మీద కోపం కూడా వచ్చింది.

కొన్నాళ్ళకి అమావాస్య వచ్చింది. దక్షిణం ఎటో నన్నడిగి, వంటింట్లో కార్‌పార్క్ వైపు తిరిగి కూర్చుని, మాస్టారు స్టీలు పళ్ళెంలోకి తర్పణాలు వదిలారు. తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు చెప్పారు. చివర్లో ఏ పేరూ చెప్పకుండా ఇంకో దోసెడు నీళ్ళు వదిలారు. అది ఎవరికని అడిగాను.

"పేరు తెలియని పెద్దలకీ వదలాలయ్యా," అన్నారు. "మీ మేడమ్ చుక్క పెట్టిందే, ఇవాళ ఆ తల్లికి. ఇన్నాళ్ళూ కూతుర్ని చూపించి పిల్లలకి అమ్మ అని చెప్పాను."