క్యాసెట్లో పడని దగ్గు

మొన్న మా అమ్మాయి ఫోన్లో పాట రికార్డు చేసుకోవడానికి ఫ్యాను ఆపేసింది. గదిలో ఉక్క మొదలవగానే నాకు పదేళ్లప్పటి ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది.

అప్పుడు నాయన కువైట్‌లో డ్రైవరు. వాకాడు దగ్గర మా ఊళ్లో అమ్మా, నాయన తల్లి అయిన జేజీ, నేనూ ఉండేవాళ్లం. జేజికి రాయడం రాదు కాబట్టి ఆమె మాటలు క్యాసెట్లో పంపేవాళ్లం. మొదటి క్యాసెట్ నిండా సముద్రపు గాలి, ఫ్యాను రొదేనని నాయన జాబు రాశాడు. ఈసారి జేజి గొంతు తేటగా వినపడాలని ఆ పని నాకు అప్పజెప్పాడు.

కిటికీలు మూసి ఫ్యాను ఆపాను. టేప్‌రికార్డర్ మోటారు గుర్రు పడకుండా మైకును దూరంగా, మడిచిన దుప్పటి మీద పెట్టి చేతిరుమాలు చుట్టాను. జేజి చెమటలు కక్కుతూ మాట్లాడింది. దగ్గు వచ్చినప్పుడల్లా నేను పాజ్ నొక్కాను.

"దగ్గు గూడా పడనీ పాపా. వాడు విననీ," అంది జేజి.

"అది రొద జేజీ! నాయన వద్దన్నాడు గదా," అన్నాను.

నెలకు జాబు వచ్చింది. జేజి గొంతు ఖంగుమంటోందనీ, ఇక సెలవు వచ్చే ఏడాది పెట్టుకుంటాననీ నాయన రాశాడు. ఆ వానాకాలంలోనే జేజి పోయింది.

"అంత దగ్గుతా ఉంటే నాకు రాయలేదేం?" అని ఊరికొచ్చిన నాయన ఏడ్చాడు.

"నీకు రాయొద్దని అత్త ఒట్టు పెట్టించుకునింది," అంది అమ్మ.

కొడుకును రమ్మని అడగలేక జేజి ఆ దగ్గుతోనే అడగబోయిందని పెద్దయ్యాక అర్థమైంది. పాజ్ నొక్కిన సంగతి నాయనకు ఇప్పటికీ చెప్పలేదు.