బర్రె తన్నిన దెబ్బ... నానమ్మ మాట

నా చిన్నతనంలో మా ఇంట్లో తెల్లవారిందని చెప్పేది విసుర్రాయి చప్పుడే... అమ్మ ఒకవైపు, నానమ్మ ఒకవైపు కూర్చుని, ఒకే పిడి పట్టుకుని జొన్నలు విసిరేవారు. వాళ్లు పాడుతుంటే నేను నానమ్మ తొడ మీద తల పెట్టుకుని మళ్లీ నిద్రలోకి జారిపోయేదాన్ని.

మా ఊరు సూర్యాపేట నుంచి కోదాడ పోయే రోడ్డుకు కాస్త లోపలికి ఉండేది. నైజాం కాలం చివరి రోజులు... నాకు ఏడెనిమిదేళ్లు ఉంటాయేమో.

ఒకరోజు పొద్దున అమ్మ పాలు పిండుతుంటే బర్రె తన్నింది. కొత్తగా ఈనిన బర్రె, పొదుగు ముట్టనిచ్చేది కాదు. డెక్క సరిగ్గా అమ్మ రొమ్ము కింద తగిలింది. అమ్మ వెల్లకిలా పడిపోయింది, పాలన్నీ నేలపాలయ్యాయి. లేచి చీర దులుపుకుని, "ఏం గాలే... ఏం గాలే" అంటూ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

నానమ్మ పసుపూ సున్నం కలిపి పట్టు వేసింది. తవుడు వేయించి, గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టింది. అప్పట్లో ఏ దెబ్బకైనా అదే వైద్యం కదా...

నాలుగు రోజులు పోయాక తగ్గిందంది అమ్మ. మేమందరం నమ్మాం, నానమ్మ తప్ప. ఒక పొద్దున విసురుతూ విసురుతూ పాట ఆపేసి, అమ్మ మొహంలోకి చూసింది.

"రాయి నా చెయ్యితోనే తిరుగుతున్నది గదనే. నువ్వు ఉత్తగనే పట్టుకున్నవ్."

"లేదత్తా, ఇసురుతున్న."

"ఏదీ... ఊపిరి గట్టిగ గుంజు."

అమ్మ గుంజబోయింది. సగంలోనే ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు...

వాకిట్లో ఉన్న మా నాయన అది చూశాడు. నానమ్మ ముందు అమ్మతో నేరుగా మాట్లాడే అలవాటు లేదాయనకు. నా వైపు తిరిగి, "బండి కడ్త. సూర్యాపేట దవాఖానకు పోదాం. మీ అమ్మను తయారు గమ్మను" అన్నాడు.

అమ్మ కూడా నాకే చెప్పింది. "నేను రానని చెప్పు మీ నాయనకు. పరాయి మొగోడు రొమ్ము మీద చెయ్యేసి సూస్తడంట. గంతకన్న ఈ నొప్పే నయం."

నాయన తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. గొడవల కాలం, రోడ్ల మీద పోవాలంటేనే భయపడే రోజులవి. ఎక్కడ ఎవరు బండి ఆపుతారో తెలియదు. "ఇంక నాలుగొద్దులు సూద్దమా అమ్మా?" అని నానమ్మను అడిగాడు.

మా ఇంట్లో చివరి మాట నానమ్మదే. తల మీద కొంగు జారనివ్వని మనిషి... ఎన్నడూ దవాఖాన గడప తొక్కని మనిషి. వద్దనే అంటుందనుకున్నాం.

నానమ్మ చేతులకంటిన పిండి దులుపుకుంది. "నా బిడ్డ సంగతి యాదికున్నదా మీకు?" అంది.

అంటే మా మేనత్త. నేను పుట్టకముందే పోయింది. బాలింతగా ఉన్నప్పుడు రొమ్ములో గడ్డ లేచి జ్వరం పట్టుకుందట. ఆమె పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

"సిగ్గుపడి నాకు గూడ చెప్పలే. నేనన్న కొంగు తీసి సూడలే. సచ్చినంక తానం జేపిస్తుంటే సూసిన... ఇగ నువ్వు గూడ గట్లనే చేస్తవా? లే బిడ్డా. నేనొస్త నీతోని. ఆ డాక్టరు సంగతి నేను సూస్కుంట."

అమ్మ లేచి చీర సర్దుకుంది.

నాయన బండిలో గడ్డి మందంగా పరిచి, పైన బొంత వేసి, నన్నూ ఎక్కించుకున్నాడు. గుంట వచ్చినచోటల్లా దిగి, ఎద్దుల ముందు నడిచాడు. నానమ్మ దారి పొడుగునా అమ్మను తన ఒంటికి ఆనించుకునే కూర్చుంది.

డాక్టరు సాబు గడ్డం నెరిసిన పెద్దాయన. నానమ్మ అమ్మకు అడ్డంగా నిలబడి, "సాబూ, మా కోడలు సిగ్గుపడ్తది. నువ్వు సూడకుండ సూడాలె" అంది.

ఆయన నవ్వలేదు. కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. "అచ్ఛా. అయితే నువ్వే ఒత్తి సూడమ్మా. జర మెల్లగ... పై ఎముక కాడికెల్లి ఒక్కొక్కటే కిందికి రా."

నానమ్మ అమ్మ కొంగు కింద చెయ్యి పెట్టి, ఒత్తుకుంటూ వచ్చింది. ఒకచోట అమ్మ కెవ్వుమంది.

"అక్కడ ఏమన్న కదులుతున్నదా?"

"కదులుతున్నది సాబూ..." అంది నానమ్మ.

తర్వాత ఆయన అమ్మ వీపు మీద, చీర మీదుగానే గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. "పక్కటెముక పగిలింది. లోపలికి గుచ్చుకోలే. పరేషాన్ గావద్దు, అతుక్కుంటది. గని నీళ్లు మొయ్యొద్దు, ఇసురొద్దు, దంచొద్దు."

బయటికొచ్చాక నానమ్మ అరుగు మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరి కోసం ఏడ్చిందో అప్పుడు నాకు తెలియలేదు. అమ్మ పక్కన కూర్చుని, తన కొంగుతో ఆమె మొహం తుడిచింది.

ఇక ఇంట్లో... నానమ్మ ఒక్కతే విసిరేది. నాయన కావడి వేసుకుని బావి నుంచి నీళ్లు తెచ్చేవాడు. బావి దగ్గర ఆడవాళ్లు ముసిముసిగా నవ్వితే నానమ్మ ఊరుకుంటుందా? "నవ్వుండ్రి, నవ్వుండ్రి... మీ మొగోళ్లతోని ఒక్క బిందె తెప్పియ్యుండ్రి సూద్దాం!"

ఎముక అతుక్కుంది. ఆ మరుసటి ఏడు నాకు చెల్లెలు పుట్టింది. మేనత్త పేరే పెట్టమంది అమ్మ. ఇన్నాళ్లూ ఎవరూ ఎత్తని ఆ పేరు నానమ్మ రోజంతా పిలుస్తూనే ఉండేది...

ఇప్పుడు సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో వీధికొక దవాఖాన. ఆడ డాక్టర్లకు కొదవ లేదు. మొన్న దగ్గు తగ్గక వెళ్తే, నా మనవరాలి వయసు పిల్ల ఛాతీ ఫోటో తీయించి, క్షణంలో చూసి పంపేసింది. ఎంత సులువో!

బయట బల్ల మీద నా ఈడుదే ఒకామె ఒంటరిగా కూర్చుని ఉంది. నా చెవి దగ్గరికి వంగి, "నొప్పని ఇంట్ల ఎవ్వరికీ చెప్పలేదమ్మా... వాళ్ల పనులు వాళ్లకు" అంది. నా పని అయిపోయినా, ఆమె పేరు పిలిచేదాకా పక్కనే కూర్చున్నాను.

మీ ఇంట్లో నొప్పి దాచుకునేది ఎవరు? వాళ్లను లేపి తీసుకెళ్లింది ఎవరు? రాయండి... నా కళ్లు సరిగా ఆనకపోయినా మనవరాలితో చదివించుకుంటాను.