జనన రిజిస్టర్లో నేను తోటమ్మ కూతుర్ని

ఆ రోజుల్లో డిగ్రీ పాసైన ఆడపిల్ల నేలమీద నడిచేది కాదు. నేనైతే మా మామిడితోట చిటారుకొమ్మల మీదే నడిచేదాన్ని. ఊళ్ళో ఎవరేం చెప్పినా పెదవి విరవడం, ఇంట్లో ఎవరేం చేసినా మూఢనమ్మకం అని తేల్చెయ్యడం, నూజివీడులో మూడేళ్ళు చదివి నేను నేర్చుకున్నవి ఈ రెండే. (ఎకనామిక్సు కూడా చెప్పారట. గుర్తులేదు.)

ఎనభై ఒకటిలో అనుకుంటాను, ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగానికి ఎంపికయ్యాను. సోమవారంకల్లా పుట్టిన సర్టిఫికెట్టు తేవాలి, తేకపోతే ఉద్యోగం నా తరవాతి మనిషికి పోతుంది. (పదో తరగతి సర్టిఫికెట్టు చాలదా అని మీరడుగుతారు. నేనూ అడిగాను. ఆ ఆఫీసు పెద్దమనిషి నన్ను పుచ్చుకాయను చూసినట్టు చూశాడు.) ఉద్యోగం రాకపోతే శ్రావణంలో పెళ్ళి చేసేస్తానని నాన్న ముందే చెప్పి ఉంచారు.

తాలూకాఫీసులో పాత రిజిస్టరు వెతికించగా నేను దొరికాను. పేరు పెంటమ్మ. తల్లిదండ్రులు మా తోట కాపలాదారూ, అతని భార్య తోటమ్మానూ! ఇంటికొచ్చి నిలదీస్తే సంగతి బయటపడింది. నాకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారట. అందుకని నేను పుట్టగానే మా నాయనమ్మ నన్ను చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడేసింది. అనుకున్న ప్రకారం తోటమ్మ ఎత్తుకుంది. నాయనమ్మ ఇంత తవుడిచ్చి మళ్ళీ కొనుక్కుంది. ఎవరికీ అక్కర్లేని పిల్లంటే యముడికీ అక్కర్లేదని లెక్క. ఇంతవరకూ మా చుట్టుపక్కల చాలా ఇళ్ళల్లో జరిగేదే. అక్కడితో ఆగితే ఆవిడ మా నాయనమ్మ ఎందుకవుతుంది? మునసబు దగ్గరికెళ్ళి సర్కారు రిజిస్టర్లో కూడా తోటమ్మ కూతురనే రాయించింది. యముడు కాగితాలు కూడా తిరగేస్తాడని ఆవిడ అనుమానం.

దిద్దాలంటే అప్పుడు రాయించిన మనిషీ, తల్లిగా రాసున్న మనిషీ స్వయంగా వచ్చి చెప్పాలన్నారు. ఇద్దర్నీ వెంటబెట్టుకుని బస్సెక్కాను. తాలూకాఫీసు గుమాస్తా మేం తెచ్చిన చిన్నరసాల బుట్టను తృప్తిగా చూసి, మమ్మల్ని విసుగ్గా చూసి, తోటమ్మతో మొదలెట్టాడు.

"ఏమ్మా, ఈ అమ్మాయి నీ కూతురేనా?"

"నేను కన్లేదండీ బాబూ. కుప్ప మీంచి ఎత్తుకున్నానంతే. పాలు కూడా ఆళ్ళమ్మే ఇచ్చుకుందండీ."

"అయితే మామ్మగారూ, మీ మనవరాలేనా?"

నాయనమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఎవరో తెలీదు బాబూ. బస్సులో కనపడింది."

వరండాలోకి లాక్కెళ్ళి నా చదువంతా ఆవిడ మీద కుమ్మరించాను. "యముడికి తెలుగు చదవడం వచ్చా నాయనమ్మా? ఆయన ఆఫీసుల చుట్టూ తిరుగుతాడా?"

"ముగ్గుర్ని వెతుక్కుంటూ మనింటికి వచ్చాడు గదే. ఆఫీసుకి రాలేడా?"

"నా ఉద్యోగం పోతుంది!"

"ఉద్యోగం పోతే పోనీవే..." అని ఆగిపోయింది. నా కళ్ళల్లో నీళ్ళు చూసిందేమో, కాసేపు ఆలోచించి చెంగు బిగించింది. తిన్నగా లోపలికెళ్ళి, గుమాస్తాను వదిలేసి, పైకప్పు వైపు చూస్తూ గొంతెత్తింది.

"ఇది మా పిల్లే! నా కొడుకు కూతురే! కానీ ఎందుకూ పనికిరాదు. వంట రాదు. పొద్దెక్కిందాకా లేవదు. నోరు తెరిస్తే ఊరవతలకి వినపడుద్ది. దీన్ని తీసుకెళ్ళినవాడు మర్నాడే తెచ్చి గుమ్మంలో దింపి దణ్ణం పెడతాడు!"

ఆఫీసంతా నవ్వింది. బంట్రోతు బల్ల పట్టుకుని మరీ నవ్వాడు. గుమాస్తా మాత్రం నవ్వకుండా అంతా రాసుకున్నాడు. వాంగ్మూలంలో ఒక్క ముక్క వదలకూడదట. 'సదరు పనికిరాని పిల్ల నా కొడుకు కూతురే' అని చదివి వినిపించి, నాయనమ్మ చేత వేలిముద్ర వేయించాడు. సర్టిఫికెట్టుతోపాటు ఆ వాంగ్మూలం నకలు కూడా జతచేసి ఇవ్వాల్సొచ్చింది. సోమవారం నా కాబోయే మేనేజరు దాన్ని రెండుసార్లు చదివి, "వంట మాకక్కర్లేదులెండి" అని ఉద్యోగం ఇచ్చారు.

ఆ రోజు తాలూకాఫీసు నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాయనమ్మ నా ముంజెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఊరు దగ్గరపడుతున్నా వదల్లేదు. "బస్సంటే అంత భయమేంటి, నేనున్నాగా?" అని ఈసడించాను. "ఊఁ, భయమే" అంది.

నాయనమ్మ ఇప్పుడు లేదు. నాకు నెల కూడా నిండని మనవరాలు. మొన్న దాని పుట్టుక నేనే వెళ్ళి నమోదు చేయించాను, మంచి పేరు, సరైన తల్లీ, సరైన తండ్రీ. అంతా బాగానే ఉంది కానీ, సంతకం పెట్టేముందు వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా చదువుతున్నారేమోనని. ఆనాటి బస్సులో, ముంజేతి మీది వేళ్ళ గుర్తులు చిరాగ్గా రుద్దుకుంటూ, కిటికీలోంచి లోకాన్నంతా చిన్నచూపు చూస్తూ కూర్చున్న ఆ పట్టభద్రురాలిని తలుచుకుంటే నవ్వొస్తుంది. దానికేం తెలుసు, పాపం.