ప్రపంచానికి మొలక పరీక్ష

మా అక్క కూతురికి నాలుగో తరగతిలో ఒక వింత జబ్బు పట్టుకుంది. పొద్దున ఏడున్నరకు, స్కూలు బస్సు వీధి మలుపు తిరిగే వేళకు కడుపులో నొప్పి మొదలయ్యేది. బస్సు వెళ్ళిపోయిన పావుగంటకు తగ్గిపోయేది. ఆదివారాలూ పండుగలూ నొప్పికి కూడా సెలవే. కళ్యాణదుర్గంలో ఇద్దరు డాక్టర్లకు చూపించారు. మొదటాయన స్కానింగ్ రాశాడు. రెండో ఆయన పాప మొహం చూసి, అక్క మొహం చూసి, "కొన్నాళ్ళు బడి మాన్పించి చూడమ్మా" అన్నాడు. ఆయన ఓ పదిరోజులు అనుకుని అని ఉంటాడు. మా అక్క ఏకంగా పేరు కొట్టేయించి వచ్చింది.

ఇక పాపకు తనే ఇంట్లో చదువు చెబుతానంది. మా అక్క పదో తరగతి దాకా చదివింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎత్తేంత ధైర్యం ఎవరికీ లేదు.

బావకు ఊళ్ళో ఎరువుల అంగడి ఉంది. రైతులు పురుగు పట్టిన ఆకు తెచ్చి చూపిస్తే అక్కడికక్కడే మందు చెప్పేస్తాడు. కూతురి జబ్బుకూ అంతే తొందరగా చెప్పాడు: అనంతపురంలో హాస్టల్.

"నేను ఆరేండ్లు హాస్టల్లో ఉంటి. నాకేమైనా అయిందా?"

నేనూ అక్కా చెరో గోడ వైపు చూశాం.

"ఏం మరదలా, నవ్వుతాండావా?"

"లేదు బావా. గోడకు సున్నం బాగా కొట్టినారని చూస్తాండా."

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. జూన్‌లో బడులు తెరిచేలోపు అక్క ఒక సిలబస్ చూపించాలి. దానికి పరీక్ష ఉండాలి, కాగితం ఉండాలి. లేకపోతే పాప హాస్టలుకు పోవాలి. అప్లికేషన్ ఫారం అప్పటికే నింపి తెచ్చాడు. తండ్రి సంతకం కూడా పెట్టేశాడు, తారీకు మాత్రం ఖాళీగా ఉంచాడు. పాప దాన్ని ఒకసారి చదివింది. ఆ తర్వాత ఆ కాగితం ఉన్న గదిలోకి పోవడం మానేసింది.

వేసవికి అక్క పాపను తీసుకుని మా ఊరు వచ్చేసింది. షేర్ ఆటోలో అరగంట దూరం, అలిగి వచ్చినట్టూ ఉంటుంది, మరీ దూరం పోయినట్టూ ఉండదు. లెక్కలూ, తెలుగూ, సైన్సూ పాత పుస్తకాలతో లాక్కురాగలనని అక్క ధైర్యం. భయమంతా ప్రపంచం గురించే. ఇంట్లో చదువు చెప్పే తల్లుల గ్రూపు ఒకటి ఉందట, అందులో చేరింది. ఎక్కువమంది బెంగళూరు వాళ్ళు. ప్రపంచ సంస్కృతులు, భూగోళం అనే సబ్జెక్టు సరిగ్గా ఎంచుకోకపోతే బిడ్డ బావిలో కప్పలా తయారవుతుందని వాళ్ళ అభిప్రాయం. ఏ సిలబస్ మంచిదన్న దానిమీద వాళ్ళు కొట్టుకునే తీరు చూశాక, మా వైపు సర్పంచ్ ఎన్నికలు నాకు భజన కార్యక్రమంలా కనిపించాయి.

ఆ ఎంపిక నామీద పడింది. నేను బీఎడ్ చేసి టీచరు ఉద్యోగం పరీక్షకు చదువుతున్నాను. మూడేళ్ళుగా చదువుతున్నాను. ఉద్యోగం లేదని చెప్పడానికి మా జిల్లాలో అంతకంటే మర్యాదైన మాట లేదు.

గ్రూపులో అందరూ మెచ్చుకున్నవి మూడు తేలాయి. మూడూ కొనేముందు తలా ఒక పాఠం ఉచితంగా ఇస్తున్నాయి. కళ్యాణదుర్గం పోయి ప్రింటు తీయించాను. కాగితాల కట్ట చూసి జెరాక్స్ అంగడాయన జాలిపడ్డాడు.

"ఇన్ని కాగితాలా? భూమి కేసామ్మా?"

"ఔనన్నా. మొత్తం భూమిది."

"ఇప్పట్లో తెగదులే," అన్నాడు.

మూడింటిలో ఏది కొనాలో నాకు అంతుచిక్కలేదు. అన్నీ బొమ్మలతో ముచ్చటగానే ఉన్నాయి. అప్పుడు నాయన కల్పించుకున్నాడు. నాయన వేరుశనగ వేసే రైతు. ఎవరు ఎంత గొప్పగా చెప్పినా పైపైన చూసి విత్తనం కొనడు. గుప్పెడు తెచ్చి, అందులో పది గింజలు లెక్కపెట్టి, తడి గోనెపట్టలో చుట్టి మూలన పెడతాడు. నాలుగు రోజులాగి విప్పుతాడు. ఏడు మొలిస్తే విత్తనం, ఏడుకు తగ్గితే నూనెకు.

"దీనికంత ఆలోచనేందమ్మా? ఒక్కో దాంట్లో ఒక పాఠం చెప్పు. నాలుగు దినాలు ఆ మాటే ఎత్తొద్దు. అయిదోనాడు పది ప్రశ్నలడుగు. ఏడు చెప్పిందంటే అది కొను."

"నా బిడ్డేమన్నా గోనెపట్టనా నాయనా?" అంది అక్క.

"ఊరికే కొనేసి ఏడ్చేదానికన్నా మేలు గదే!"

బీఎడ్‌లో మూల్యాంకనం అనే పేపరుంది. లెక్చరర్లు ఏడాదంతా అరిచి చెప్పినా నాకు అర్థం కానిది నాయన ఒక గోనెపట్టతో తేల్చేశాడు. సరేనన్నాను.

మొదటిది ఒక పెట్టె. వారానికొక దేశం, దేశానికొక ముద్ర, ముద్రలు కొట్టించుకోవడానికి కాగితపు పాస్‌పోర్టు. నమూనా పాఠం నార్వే. "ఈ ఉదయం మీ కిటికీ మీద పేరుకున్న మంచును గమనించండి" అని మొదలైంది. మా కిటికీ మీద పేరుకున్నది ఎర్రమట్టి దుమ్ము. మే నెల, పదింటికే కరెంటు పోయింది. తర్వాతి పని పాలలో చాక్లెట్ కరిగించి వేడివేడిగా తాగుతూ మంచు దేశపు కథ వినడం. పాప చెప్పినట్టే తాగింది. చెమటలు కారుతుండగా ఒకటే ప్రశ్న అడిగింది.

"చిన్నమ్మా, ఆడ బస్సు ఎన్నింటికొస్తాది?"

"యా బస్సు?"

"స్కూలు బస్సు."

పుస్తకంలో లేదన్నాను. అయిదో రోజు అడిగితే పదికి రెండు వచ్చాయి. అందులో ఒకటి చాక్లెట్ గురించి. నూనెకు, అన్నాడు నాయన.

రెండోదానికి పుస్తకాలు తక్కువ, నడక ఎక్కువ. భూగోళాన్ని కాళ్ళతో నేర్చుకోవాలట. నమూనా పాఠం: మీకు దగ్గరలోని నదికి వెళ్ళండి, ఒక ఆకును వదలండి, అది ఎటు పోతుందో, ఎంతసేపట్లో పోతుందో రాయండి. మాకూ ఏరుంది. అందులో నీళ్ళు ఉండాలని పుస్తకం వాళ్ళు రాయలేదు, ఉంటాయనుకున్నారు పాపం. ముగ్గురం సాయంత్రం పోయి ఇసుకలో వేపాకు పెట్టాం. గాలి వచ్చింది. ఆకు ఎగిరి, దొర్లి, ఎగువ వైపు వేగంగా పోయింది. పాప ఫోనులో సమయం చూసి నోటు పుస్తకంలో రాసుకుంది: "మా నది కిందినుంచి పైకి పారుతుంది. చాలా స్పీడు."

"తప్పని చెప్పవే," అంది అక్క.

"కళ్ళారా చూసింది గదా అక్కా. నేనెట్లా చెప్పేది?"

అయిదో రోజు పదికి నాలుగు. పైకి పారే నదిని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని నాయన కాసేపు తటపటాయించాడు. తీసుకున్నా అయిదే.

మూడోది బావకోసమే తయారుచేసినట్టుంది. పటాలు, ఖాళీలు పూరించడాలు, నెలనెలా పరీక్ష, చివర బంగారు రంగు ముద్రతో సర్టిఫికెట్. నమూనా పాఠం మంగోలియా, గొర్రెల కాపరుల జీవితం. పాఠం చెబుతుంటే నాయన ఊరికే విందామని వచ్చి కూర్చున్నాడు. చిన్నప్పుడు ఆయనా గొర్రెలు కాసినవాడే. రెండో పేరా దాటేసరికి నేను పాఠం చెబుతున్నది పాపకు కాదని నాకు అర్థమైంది.

"ఇండ్లు గూడా మడిచి ఎత్తుకపోతారా? అబ్బా! చలికాలం మేతెట్లమ్మా?"

"ఎండుగడ్డి దాచుకుంటారంట."

"గొర్రె తోకలో కొవ్వుంటాదా? ఏదీ, బొమ్మ చూపీ."

కళ్ళద్దాలు తెచ్చుకుని కాగితం నా చేతిలోంచి లాక్కున్నాడు. తనే గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. "కాపరుల ఇళ్ళు ఎప్పుడూ కదులుతూ ఉంటాయి కాబట్టి, బడి రోజుల్లో చాలామంది పిల్లలు హాస్టళ్ళలో ఉంటారు..." అంతే ఉత్సాహంగా తర్వాతి వాక్యంలోకి పోయాడు. అక్క నా వైపు చూసింది. పాప పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, పెట్టింది.

మర్నాడు పొద్దున ఏడున్నరకు పాపకు కడుపునొప్పి వచ్చింది. నడి వేసవి సెలవులు. మా ఊరికి ఆ స్కూలు బస్సు రానే రాదు.

ఆ రోజు నాకు ఏ జోకూ తోచలేదు. అది మా ఇంట్లో పెద్ద వార్తే అయింది.

అయిదో రోజు పరీక్షలో పాపకు మూడు వచ్చాయి. నాయనకు తొమ్మిది వచ్చాయి. ఎవరూ ఆయన్ను అడగలేదు, పాప నోరు తెరిచేలోపు తనే చెప్పేస్తున్నాడు. మంగోలియా రాజధాని పేరుకు నాకు నోరు తిరగలేదు, ఆయనకు తిరిగింది.

"మూడూ నూనెకే," అంది అక్క కూలబడి. "ఇంక హాస్టలుకు బట్టలు సర్దేది మేలు."

"అట్లెట్లా?" అన్నాడు నాయన. "వాన పడిందంటే ఇంట్లో ఏదుంటే అదే ఏసేది. అప్పుడు మొలక చూస్తా కూచుంటారా యాడన్నా?"

"మరి ఇన్ని దినాలు మాతో ఎందుకు చేయించినావు?"

"వాన ఇంకా రాలేదు గదా," అన్నాడు, తన తప్పేమీ లేనట్టు.

వాన రాలేదు కానీ బావ వచ్చాడు. బడులు తెరవడానికి ముందరి ఆదివారం. ఫారం తెచ్చాడు. నులక మంచం మీద కూర్చుని, పాపను ఎదురుగా నిలబెట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళు మీ చిన్నమ్మ ఏం నేర్పించింది? ఒకటి చెప్పు చూద్దాం. జపాను రాజధాని యాది?"

జపాను ఏ నమూనాలోనూ రాలేదు. అక్క చేతులు కొంగును మెలిపెడుతున్నాయి. నాయన నోరు తెరవబోయాడు.

"మామా, హాస్టల్లో సీటు నీక్కావాల్నా?" అన్నాడు బావ. నాయన నోరు మూసుకున్నాడు.

"పోనీ, నీకు తెలిసిందే చెప్పు."

పాప తన కాళ్ళ వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా అంది: "మంగోలియాలో గొర్రెలోళ్ళ పిల్లోళ్ళు హాస్టల్లో ఉంటారు డాడీ."

బావ మొహం వెలిగిపోయింది. "విన్నారా? లోకమంతా ఉండాది ఈ పద్ధతి! నేను చెప్తే ఎవురికీ ఎక్కల్యా."

"ఎందుకంటే వాళ్ళ ఇల్లు ఒక తావ ఉండదు," అంది పాప, ఇంకా కాళ్ళ వైపే చూస్తూ. "గొర్రెలతో పోతానే ఉంటాది. బడి ఆడే ఉంటాది. అందుకు హాస్టలు. మన ఇల్లు యాడికీ పోదు గదా డాడీ?"

పక్కింటి టీవీలో ఎవరో ఎందుకో ఏడుస్తున్నారు. బావ మంచం నులక సరిచేశాడు. రోజుకు ఇంతమంది రైతులతో వాదించి గెలిచే మనిషి, ఆ నులకలో సమాధానం ఉన్నట్టు వెతికాడు.

మా అక్క తెలివి అప్పుడు చూశాను. జాలిపడలేదు, ఏడవలేదు. లేచి పోయి మూడో సిలబస్ కట్ట తెచ్చి, సరిగ్గా ఆఖరి పేజీ తీసి ఆయన ఒడిలో పెట్టింది. బంగారు ముద్ర.

"నెలనెలా పరీక్ష ఉండాది. సర్టిఫికెట్టుండాది. ఇదే తీసుకుంటాండాము."

అది మూడింటిలోకీ నాకు నచ్చనిది. పాపకు కడుపునొప్పి తెచ్చింది. నాయన లెక్కలో నూనెకు పోవాల్సింది. కానీ బావ ఆ ముద్ర మీద వేలితో గీకి చూశాడు, నకిలీ మందు డబ్బా మీద చూసినట్టు.

"గవర్నమెంటుదా?"

"కాదు బావా. అయినా ముద్ర పెద్దది," అన్నాను.

"ఒక్క ఏడు," అన్నాడు. "ఒక్క ఏడు చూస్తా." ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. చింపలేదు. వచ్చే ఏడు మళ్ళీ ఫారం తెచ్చుకోవడానికి పోయే పని తప్పుతుందని కాబోలు.

బడులు తెరిచిన రోజున కళ్యాణదుర్గంలో అక్క వాళ్ళింటి వరండాలో చాప పరిచారు. మొదటిరోజని నేనూ పోయాను. ఏడున్నరకు పసుపు బస్సు మలుపు తిరిగి, హారను కొట్టి, పోయింది. పాప దోసె తింటూ ఉంది, తింటూనే ఉంది. అక్క పుస్తకం తెరిచింది. మొదటి పేజీలోనే ఖండాలు. అక్క ఆ పేజీని తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పింది. నేను చూడనట్టు ఉన్నాను, అది నేను ఆ రోజు చేసిన ఒకే ఒక సాయం.

బావ అంగడికి బయలుదేరి, గేటు దగ్గర బండి ఆపి అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"మనముండేది యా ఖండం?" అక్క గొంతు సవరించుకుని అడిగింది.

"ఆసియా," అంది పాప నోట్లో దోసెతో.

బావ అదే అద్దాన్ని మళ్ళీ తుడిచాడు. ఆఫ్రికా అయింది. యూరప్ అయింది. రెండో అద్దం కూడా మెరిసిపోయింది. ఇక అద్దాలు లేక సీటు తుడవడం మొదలుపెట్టాడు.

"పొద్దెక్కతాంది. అంగడి తెరిచేది లేదా?" అంది అక్క పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

"పోతాలే. ఇంకా ఎన్నుండాయవి, మొత్తమెన్ని?"

"ఏడు డాడీ," అంది పాప.

"ఏడా?" బావ గుడ్డ దులిపి మళ్ళీ మడిచాడు. "కానీ, కానీ. ఇంక రెండే గదా ఉండేది."

రెండు కాదు, నాలుగున్నాయి. ఎవరూ దిద్దలేదు.