ముప్పై ఒకటో ఇంటి పుస్తకం

డిసెంబరు మొదటి శనివారం ఉదయం 8 గంటల 40 నిమిషాలకు, బర్మింగ్‌హామ్‌కు నైరుతి దిక్కునున్న నార్త్‌ఫీల్డ్‌లో, మా ఇంటి ముందు నుంచి కారు కదిలింది. ఓడోమీటరు 41,208 మైళ్ళు చూపుతున్నది. బయట 3 డిగ్రీలు. కోటకు 61 మైళ్ళు, అక్కడి నుంచి మూడు పల్లెలు చుట్టిరావడానికి 14 మైళ్ళు, తిరుగు దారి 60 మైళ్ళు. కారులో ముగ్గురం ఉన్నాము: నేను, నా భార్య సుజాత, మా వీధి చివర అద్దెగదిలో ఉండే ఎస్తేర్.

కొలత పరికరాలను సరిచూసే ప్రయోగశాలలో నా ఉద్యోగం. ఒక తూనిక గానీ థర్మామీటరు గానీ తాను చెబుతున్న అంకె నిజమేనా అని పరీక్షించడం నా పని. చొక్కా జేబులో పదిహేను సెంటీమీటర్ల స్టీలు స్కేలు, కోటు జేబులో చిన్న థర్మామీటరు లేకుండా బయటికి వెళ్ళను. ఈ మార్గంలో ప్రయాణించదలచినవారికి ఉపయోగపడతాయని వేళలూ దూరాలూ రాస్తున్నాను. మూడో పల్లె పేరు మాత్రం రాయడం లేదు. కారణం చదివితే తెలుస్తుంది.

ఎస్తేర్‌ది బాపట్ల ప్రాంతం. ఇరవై తొమ్మిదేళ్ళు. ఆమె పనిచేసిన వృద్ధుల కేర్ హోమ్ మూతపడింది. ఆమె వీసా ఆ ఉద్యోగంతో ముడిపడి ఉన్నది గనుక, అరవై రోజుల్లో మరొక యజమాని పూచీ దొరకకపోతే దేశం విడిచి వెళ్ళాలని లేఖ వచ్చింది. మేము బయలుదేరిన ఉదయానికి అందులో పదిహేడు రోజులు మిగిలాయి. నలభై రెండు దరఖాస్తులకు గాను ఇళ్ళకు సహాయకులను పంపే ఏజెన్సీ ఒకే ఒకటి జవాబిచ్చింది. హెర్‌ఫర్డ్‌షైర్‌లోని ఒక పల్లెలో, తొంభై ఒక్క ఏళ్ళ మిసెస్ ప్రిచర్డ్ ఇంట్లోనే ఉండి ఆమెను చూసుకోవాలి. శనివారం మధ్యాహ్నం మూడున్నరకు ఇల్లు చూసి, ఇప్పుడున్న సహాయకురాలు జోన్‌తో మాట్లాడి, ఇష్టమైతే సోమవారం చేరాలి. ఆ దారిలోనే పునరుద్ధరించిన మధ్యయుగపు కోట ఒకటి ఉన్నదని మ్యాపు చూసి నేనే చెప్పాను.

"పనికోసం పోతున్నట్టు కాదు, చూడనీకి పోతున్నట్టు పోదాం," అన్నది సుజాత. ఆమెది హనుమకొండ. "నువ్వు గీ మొఖం పెట్టుకొని పోతే, ఆ ముసలమ్మే లేచి నీకు ఛాయ్ పెడ్తది."

"పెడితే తాగుతాను ఆంటీ. పంచదార రెండు చెంచాలని కూడా చెబుతాను," అన్నది వెనక సీటులోంచి ఎస్తేర్.

ఎం5 మోటర్‌వే మీద ఏడో జంక్షన్ దగ్గర దిగి, వూస్టర్ దాటి, ఏ44 రోడ్డు పట్టుకోవాలి. బ్రోమ్‌యార్డ్ తరువాత రోడ్డు కొండల మీదుగా ఎక్కి దిగుతూ పోతుంది. లోయల్లో పొగమంచు నిలిచి ఉండడంతో చెట్ల తలలు మాత్రమే కనిపించాయి. 10:15కు కోట కింది కార్ పార్కు చేరాము. రోజంతటికీ నాలుగు పౌండ్లు. అక్కడి యంత్రం నాణేలు తీసుకోదు, కార్డు ఉండాలి. కోట తలుపులు 10:30కు తెరుస్తారు. టికెట్టు మనిషికి పద్నాలుగున్నర పౌండ్లు.

ఆ చలికి ఆ రోజు మేము తప్ప సందర్శకులు లేరు. తెల్ల మీసాల స్వచ్ఛంద గైడు ఒకాయన మా వెంట నడిచాడు. వందేళ్ళ కిందట కోట సగం కూలి ఉండేదట. కొని నిలబెట్టినవారు ఒక నియమం పెట్టుకున్నారు. పాత రాతికట్టు ముగిసి కొత్తది మొదలయ్యే చోట, గోడ పొడవునా సన్నని నల్లపలక వరుస ఒకటి పొదిగించారు. భోజనశాలలో ఆ నల్లని గీత నా నడుము ఎత్తున మొదలై, కిటికీ దగ్గర తల మీదికి లేచి, మూలకు వచ్చేసరికి నేలను తాకింది. స్కేలుతో చూశాను: మందం ఆరు మిల్లీమీటర్లు.

"గీత కింద ఉన్నది మాకు దొరికింది," అన్నాడు గైడు. "పైన ఉన్నది మేము ఊహించింది. రెండూ కలిపేసి చూపిస్తే అబద్ధం అవుతుంది కదా."

ఇటువంటి నిజాయితీ నా వృత్తిలో కూడా అరుదు. రెండు ఫొటోలు తీసుకున్నాను.

పడకగదిలో మంచం మీద ముసలి ప్రభువు మైనపు బొమ్మ ఉన్నది. తలకు కుట్టుపని చేసిన తెల్ల టోపీ. దుప్పటి కింద ఛాతీ మెల్లగా లేచి దిగుతున్నది. లోపల మోటారు పెట్టారు. గదిలో వేరే చప్పుడు లేదు. పక్కకు తిరిగి చూస్తే ఎస్తేర్ తన వాచీ వైపూ బొమ్మ వైపూ మార్చి మార్చి చూస్తున్నది.

"పన్నెండు," అన్నది. నా వాచీలోనూ పన్నెండే వచ్చింది.

"నిమిషమంతా చూశావా?"

"ముప్పై సెకన్లు చూసి రెట్టింపు చేస్తే తప్పొస్తుంది అంకుల్. మిగతా సగంలో శ్వాస ఎప్పుడు ఆగుతుందో తెలీదు కదా."

మోటారు ఎప్పుడు ఆపుతారని గైడును అడిగాను. ఆపరట. ఈ తేమలో ఆగితే బిగుసుకుపోతుంది. చలికాలంలో కోట మూసివేసే ఆరు వారాలూ చీకటిలో అది అలాగే నడుస్తూ ఉంటుంది.

"ఎవరు లేకున్నా ఊపిరి తీస్తనే ఉంటడా?" అన్నది సుజాత. మంచానికి కొంచెం దూరం జరిగింది.

12:45కు బయటపడ్డాము. మొదటి పల్లె ఆరు మైళ్ళు. తెల్లని గోడల మీద నల్లని దూలాలు అడ్డంగా నిలువుగా కనబడే ఇళ్ళు, ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు ఉంటాయి. పిల్లల బొమ్మల పుస్తకంలో పేజీ తిప్పినట్టే ఉన్నది. టీ దుకాణంలో సూపు, రొట్టె, టీ ముగ్గురికీ 31 పౌండ్ల 40 పెన్నీలు. రెండో పల్లె మరి మూడు మైళ్ళు. చర్చి దగ్గర కుక్కతో నడుస్తున్న పెద్దాయనను మూడో పల్లెకు దారి అడిగాము.

"అక్కడికా? క్రిస్మస్ వారంలో వెళ్ళండి," అన్నాడాయన. "మనుషులు కనిపిస్తారు."

మూడో పల్లె చేరేసరికి 15:22. మూడింటిలోనూ అందమైనది ఇదే. పచ్చిక మైదానం చుట్టూ ఇళ్ళు, కొసన చర్చి. ప్రతి తలుపుకూ ఒకే పరిమాణంలో ఆకుల దండ, ప్రతి కిటికీలోనూ ఒకే ఆకారం దీపం. చిమ్నీలలో పొగ లేదు. కుక్క మొరగలేదు. చర్చి పక్కనున్న మిసెస్ ప్రిచర్డ్ ఇంటి గంటను 15:30కు నొక్కాము. ఎవరూ పలకలేదు. మళ్ళీ 15:33కు నొక్కాము. ఎస్తేర్ ఏజెన్సీకి ఫోను చేస్తే రికార్డింగు వచ్చింది. జోన్ షాపుకు వెళ్ళి ఉంటుందని, ఈలోగా ఊరు చుట్టి వచ్చాము.

ఇళ్ళు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. ప్రతి తలుపు పక్కనా గోడకు అంకెల చక్రాలున్న ఇనుప డబ్బీ. లోపల తాళంచెవి ఉంటుంది. అద్దెకు దిగేవారికి అంకెలు మెసేజిలో వస్తాయి. ఊరంతా సెలవుల విడిది అయిపోయిందన్నమాట.

"అందరు ఏడికి పోయిన్రు?" అన్నది సుజాత గొంతు తగ్గించి. వినేవారు లేకపోయినా నేనూ గొంతు తగ్గించే జవాబిచ్చాను.

సరిగ్గా 15:50కి దీపాలు వెలిగాయి. ఒకదాని తరువాత ఒకటి కాదు. ముప్పై కిటికీలు ఒకే క్షణంలో పసుపు రంగుకు మారాయి. టైమర్లని నాకు తెలుసు. తెలిసినా వాచీ మరోసారి చూసుకున్నాను. చర్చి పక్క ఇల్లు ఒక్కటే చీకటిగా మిగిలింది.

"నాకు కోడ్ పంపారు అంకుల్," అన్నది ఎస్తేర్. డబ్బీ తెరిచి తాళంచెవి తీసింది.

లోపల నా థర్మామీటరు 11.5 డిగ్రీలు చూపింది. హాలులో గడియారం నడుస్తున్నది. బల్ల మీద సంరక్షణ పుస్తకం తెరిచి ఉన్నది. ఇంట్లో చూసుకునేవారు వేళ వేసి, చేసిన పని రాసి, సంతకం పెట్టే పుస్తకం అది. పేషెంటును చూడబోయే ముందు దాన్ని చదవడం ఎస్తేర్ అలవాటు. ఒక వేలు పెట్టి చదువుతూ ఆగిపోయింది.

"అంకుల్, టైం ఎంత?"

"15:53."

ఆ పేజీలో శనివారం కింద నాలుగు వరుసలు ఉన్నాయి, ఒకే చేతిరాతలో. 08:00, ఉదయం గంజి పూర్తిగా తిన్నారు. 13:00, భోజనం బాగుంది. 18:00, సూపు తాగారు, ఉల్లాసంగా ఉన్నారు. 21:00, పడుకున్నారు, ప్రశాంతంగా నిద్రపోతున్నారు.

నా వాచీ ప్రతి నెలా సరిచూస్తాను. అయినా హాలు గడియారంతో పోల్చాను. రెండూ ఒకటే. ఎస్తేర్ పేజీ తిప్పింది. ఆదివారం నిండి ఉన్నది. రేపు కూడా మిసెస్ ప్రిచర్డ్ గంజి పూర్తిగా తిన్నారు. దాని కింద సోమవారం, ఒకే వరుస: 10:00, కొత్త సహాయకురాలు ఎస్తేర్ చేరారు. ఇల్లు నచ్చింది.

ఎస్తేర్ పుస్తకం వదిలి, దాదాపు పరుగుతో వెనక గదిలోకి వెళ్ళింది.

కుర్చీలో, రెండు కోట్లు వేసుకుని, కళ్ళు మూసుకుని ఉన్నది వృద్ధురాలు. మా అడుగుల చప్పుడుకు కదలలేదు. ఎస్తేర్ ఆమె ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని వాచీ చూసింది. ఉదయం నాతో కలిసి ఆమె లెక్కపెట్టిన పన్నెండు గుర్తుకు వచ్చింది. ఆ నిమిషం చాలా పొడుగ్గా గడిచింది.

"పదహారు," అన్నది చివరికి. "బాగుంది. చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి. ఆంటీ, ఆ దుప్పటి ఇలా ఇవ్వండి."

మిసెస్ ప్రిచర్డ్ కళ్ళు తెరిచింది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. "ఇవాళ సోమవారమా?" అని అడిగింది.

"శనివారం," అన్నది ఎస్తేర్. "జోన్ ఎక్కడ?"

"నిన్న మధ్యాహ్నం రెండింటికి చేపల బండి వచ్చి వెళ్ళాక వెళ్ళిపోయింది. అన్నీ రాసి పెట్టానంది." ముసలామె పెదవి ఒక పక్కకు లాగింది. "బిస్కట్లు తింటూ ఆ పుస్తకమే చదువుకున్నాను. అందులో నేను చాలా బాగా తింటున్నాను."

హీటింగు స్విచ్చి ఆమెకు అందనంత ఎత్తున ఉన్నది. నేను వేశాను. 16:06కు సుజాత కిటికీ దీపం చేత్తో వెలిగించింది. ఎస్తేర్ వైద్య సలహా నంబరు 111కు ఫోను చేసి పరిస్థితి చెప్పింది, పారామెడిక్‌ను పంపుతామన్నారు. ఆ తరువాత ఏజెన్సీ నంబరు కలిసింది. ఫోను స్పీకరులో ఉన్నది గనుక నేనూ విన్నాను. సోమవారం దాకా పంపడానికి మనుషులు లేరన్నాడు అవతలి మనిషి. పుస్తకం సక్రమంగానే ఉన్నది కదా అన్నాడు. ఎలాగూ వచ్చారు గనుక, ఉన్న వరుసల కింద సంతకం పెట్టి ఇప్పటినుంచే ఉండిపొమ్మన్నాడు. సోమవారం వీసా కాగితాలు మొదలుపెడతానన్నాడు.

ఫోను పెట్టేశాక సుజాత వంటింట్లో కెటిల్ పెట్టి వచ్చింది.

"పదిహేడు దినాలే ఉన్నయి బిడ్డా," అన్నది సుజాత. "నువ్వేం రాసినా మేం ఏమనం. జర ఆలోచించు."

"ఆలోచించాను ఆంటీ. నేను సంతకం పెడితే రేపు పొద్దున ఆవిడ గంజి తిన్నట్టే. తినకపోయినా తిన్నట్టే." నా వైపు తిరిగింది. "అంకుల్, మీ స్కేలు ఒకసారి ఇస్తారా?"

శనివారం పేజీకి తిరిగి వెళ్ళి, పైనున్న శుక్రవారం 13:00 వరుస కింద స్కేలు ఆనించి, పేజీ ఈ చివరి నుంచి ఆ చివరికి గీత గీసింది. "కోట గోడకు వేసినట్టు," అన్నది తల ఎత్తకుండా. పక్కన రాసింది: దీని కింద ముందే రాసినవి జరగలేదు. పేజీ అడుగున మిగిలిన ఖాళీలో కొత్త వరుస మొదలుపెట్టింది. శనివారం 15:53, గది 11.5 డిగ్రీలు, శ్వాస 16, ఇంట్లో సహాయకులు లేరు. పూర్తి పేరుతో సంతకం పెట్టింది. ఆ పేజీ ఫొటో తీసి ఏజెన్సీకి పంపింది. కౌన్సిల్ అత్యవసర విభాగానికి ఫోను చేసి అదే వరుస చదివి వినిపించింది.

టీ తీసుకువెళ్ళినప్పుడు మిసెస్ ప్రిచర్డ్ చేతులకు కొంచెం రంగు వచ్చింది. ఉదయం కోట చూశామని సుజాత చెప్పింది.

"పడుకున్నాయన తలమీద టోపీ చూశారా? నేనే కుట్టాను," అన్నది ఆమె. "ఇంకా ఊపిరి తీస్తున్నాడా?"

"నిమిషానికి పన్నెండు," అన్నాను.

"నాకంటే నయం. ఆయనకు పుస్తకం రాయక్కర్లేదు." ఎస్తేర్ వైపు చూసింది. "నిలబడే ఉన్నావు. నీకు పంచదార ఎన్ని చెంచాలు?"

"రెండు," అన్నది ఎస్తేర్.

17:35కు పారామెడిక్ వచ్చింది. రాత్రి ఎవరైనా తోడు ఉంటే ఆసుపత్రి అవసరం లేదన్నది. ఆదివారం పదింటికి మనిషిని పంపుతామని కౌన్సిల్ వారు ఫోనులో చెప్పారు. జీతానికి కాదు, మిసెస్ ప్రిచర్డ్ అతిథిగా ఆ రాత్రి ఉంటానన్నది ఎస్తేర్. ఆదివారం మధ్యాహ్నం వచ్చి తీసుకువెళతామని చెప్పి 18:20కి బయలుదేరాము.

మైదానం చుట్టూ తిరిగి ఊరు దాటుతుంటే ముప్పై కిటికీలూ ఒకే పసుపుతో మా వెంట చూశాయి. పరికరానికి కొలవవలసిన వస్తువు తగిలించకపోయినా కొన్నిసార్లు అంకె స్థిరంగా, నమ్మదగినట్టుగా నిలబడి ఉంటుంది. మా ప్రయోగశాలలో అన్నిటికంటే భయపడవలసింది ఆ అంకెకే. ఆ కిటికీల వెనక మనుషులున్నారని దూరం నుంచి చూసేవారెవరైనా నమ్ముతారు. ముప్పై ఒకటో కిటికీ వెలుగు మాత్రం కొంచెం తెల్లగా ఉన్నది, దాని ముందు నుంచి ఒక నీడ అటూ ఇటూ నడిచింది.

కోట చూడదలచినవారు తప్పక చూడండి. పలక గీత దగ్గర కాసేపు నిలబడండి. మూడో పల్లె దారిలో తగిలితే పొగ వస్తున్న చిమ్నీ కోసం వెదకండి.

19:25కు వూస్టర్ దాటాక పెట్రోలు బంకు దగ్గర సుజాత ఫోనులో ఎస్తేర్ మెసేజి చదివింది: "ఏజెన్సీ ఆఫర్ వెనక్కి తీసుకుంది. ఆవిడ సూపు తాగింది. సగం గిన్నె."

20:05కు ఇల్లు చేరాము. ఓడోమీటరు 41,343.

ఖర్చులు: పెట్రోలు 18 పౌండ్ల 77 పెన్నీలు, కార్ పార్కు 4 పౌండ్లు, కోట టికెట్లు 43 పౌండ్ల 50, భోజనం 31 పౌండ్ల 40. మొత్తం 97 పౌండ్ల 67 పెన్నీలు.

నష్టాలు: స్టీలు స్కేలు ఒకటి, పుస్తకంలోనే ఉండిపోయింది. ఉద్యోగం ఒకటి, చేరకముందే. పదిహేడు రోజుల్లో ఒక రోజు.