పురుగులు పెంచిన కాంపౌండర్ సాబ్

మా కాంపౌండర్ సాబ్ నిన్న పొద్దున పోయారు. కొల్లాపూర్ దవాఖానలో కట్లు కట్టీ కట్టీ ముసలివారైన మనిషి. నాలుగు మంచి ముక్కలు రాయమని దవాఖానవాళ్లు నన్నడిగారు. రాస్తాను. కానీ ముందొక మాట: ఆయన కుడి మణికట్టు విరగ్గొట్టింది నేనే.

నేను బడిపంతుల్ని. ఏ రోగం చెప్పినా ఆయన "తెల్వదు పంతులూ, చూడాలె" అనేవారు. తెల్వదనే వైద్యం కూడా వైద్యమేనా అని నవ్వేవాళ్లం. యుద్ధం రోజులు. పట్నం నుంచి మందులు రావడం ఆగిపోయింది. ఆయన మాంసం ఉడికిన నీళ్లలో చైనా గడ్డి అనే సముద్రపు నాచు కలిపి, గాజు గిన్నెల్లో గడ్డకట్టించి, దానిమీద పుండ్ల చీము పూసేవారు. నడుమ ఆకుపసరులో ముంచిన అద్దుడు కాగితం ముక్క పెట్టేవారు. ఏ పసరు చీములోని క్రిముల్ని పెరగనియ్యదో చూడటానికి. "గివేంది సాబ్?" అని జనం అడిగితే, దాచకుండా చెప్పారు.

"పురుగులను పెంచుతున్న."

ఆ మాటే కొంప ముంచింది. ఆ వారమే ఊళ్లోకి గత్తర, అదే కలరా, వచ్చింది. వాంతులు, విరేచనాలతో నా భార్య ఒక్క పగటిలో పోయింది. "పెంచిన పురుగులు బాయిల కలిపిండు" అన్నాడు మా పక్కింటాయన. బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి, ఒక్క నిమిషం ఆలోచించానా? పదిమందిమి కట్టెలతో దవాఖానలోకి జొరబడ్డాం. గిన్నెలు నేలకేసి కొట్టాం. ఆయనను జుట్టు పట్టి ఈడ్చాను. నెత్తి పగిలి రక్తం కండ్లలోకి కారుతున్నా ఒక గిన్నెను కడుపుకు అదుముకుని, "దీన్ని పలగ్గొట్టకుండ్రి, రేపు చూడాలె!" అని అరిచారు. ఆ గిన్నె మీదే కొట్టాను. అడ్డం పెట్టిన చెయ్యి పుటుక్కుమంది.

పగిలిన ఆ గిన్నె గాజుపెంకు నా అరికాలిలో దిగింది. పది రోజులకు కాలు మోకాలిదాకా వాచి, చీము కంపు కొట్టింది. కోసెయ్యాల్సిందేనన్నాడు పెద్ద డాక్టరు. మెడకు చెయ్యి వేలాడేసుకున్న ఆ మనిషే నా చీము తీసి, మూడు పసరులతో మూడు గిన్నెలు పెట్టారు. రెండింటి నిండా తెల్లగా పెరిగింది. మూడోదాంట్లో కాగితం చుట్టూ రూపాయి బిళ్లంత జాగా తేటగా ఉంది. పలకాకు! నా బడిపిల్లలు పలకలు తుడుచుకునే ఆకు.

"గిన్నెల చచ్చినయి. నీ కాల్ల చస్తయో లేదో తెల్వదు. చూడాలె" అని, ఎడమచేత్తో ఆకు నూరి రోజూ కడిగారు. కాలు నిలిచింది.

ఆ మధ్యలోనే పోలీసు అమీన్ సాబ్ వచ్చాడు. "ఎవడు కొట్టిండు నిన్ను?" అని గద్దించాడు. నేను పక్కనే మంచం మీద ఉన్నాను. పేరు చెబితే ఠాణాలో నన్ను బతకనివ్వరు. ఆయన నా పుండు తుడుస్తూ తలెత్తకుండానే అన్నారు.

"తెల్వదు."

ఆయన నోట నేను విన్న అబద్ధం అదొక్కటే.

నిన్న పాడె మీద చేతులు జోడించబోతే కుడి మణికట్టు వంగలేదు. ఎవరో తాడుతో బిగించబోయారు. "ఆగుండ్రి, నొస్తది" అన్నాను. చితిదాకా ఆ చెయ్యి పట్టుకుని, కుంటుకుంటూ పాడె పక్కనే నడిచాను.