రెండంగుళాల తప్పు

ఉప్పల్, నాచారం బడుల్లో కాళ్లు సరిగా లేని పిల్లలెందరికో చంక కర్రలు చేసిచ్చిన పెట్టెల అబ్బయ్య, మొదటి జత మాత్రం తగలేశాడు. ఆ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పుకునేవాడు. అప్పుడు మాత్రం నవ్వలేదు లెండి.

ఆయన నాచారం ఫ్యాక్టరీలో మిషన్లు పంపే చెక్క పెట్టెలు చేసేవాడు. పనిమంతుడే, కానీ "నా కొలత తప్పది" అని కాస్త గొప్పలు పోయేవాడు. 1968లో ఒకరోజు పక్కింటి లూర్దమ్మ వచ్చి గుమ్మంలో కూలబడింది. ఆమె కూతురు రూతుకు ఎనిమిదేళ్లు. పోలియోతో కుడికాలు చచ్చుబడింది. రోజూ ఎత్తుకుని బడికి మోసేది తల్లే.

"అన్నా, సోమవారం నుంచి మిల్లుల నాకు పొద్దటి డ్యూటీ. పిల్లను ఎవరు మోస్తరు? ఇగ బడి బందే."

"ఎందుకు బందైతది చెల్లె? ఫికర్ జెయ్యకు. చంక కట్టెలు నేను జేసిస్త."

పాత పెట్టెల చెక్క ఏరి, చిత్రిక పట్టి, పైన గోనెగుడ్డ చుట్టి, అడుగున సైకిల్ టైరు ముక్కలు కొట్టాడు. ఎంత ముచ్చటగా వచ్చాయనీ! అయితే మహానుభావుడు ఒక ఘనకార్యం చేశాడు. ఎదిగే పిల్లకు గౌను పొడుగ్గా కుట్టించినట్టు, కర్రలు కూడా రెండంగుళాలు పొడుగుంచాడు.

శనివారం వీధిలో నాలుగడుగులు వేసిందో లేదో, రూతు బోర్లా పడింది. గడ్డం చిట్లి నెత్తురు కారింది. "నేను బడికి పోను" అని ఒకటే ఏడుపు.

"కట్టెలు మంచిగనే ఉన్నయి. పిల్లకే భయం" అన్నాడు అబ్బయ్య. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! లూర్దమ్మ కొంగుతో కూతురి గడ్డం అదిమి, ఎత్తుకుని లోపలికి పోయింది. ఆమె తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

ఆదివారం చర్చి నుంచి రాగానే తన కొలతకు రెండంగుళాలు ఎక్కువగా రెండు కర్రలు కోసి, ఒక కాలు మడిచి, చంకల్లో పెట్టుకున్నాడు. భుజాలు చెవులదాకా లేచాయి. మడమ నేలకు ఆనలేదు. ఒక్కడుగుకే దభీమని పడ్డాడు. నొప్పికంటే సిగ్గు ఎక్కువైంది. అయ్యో, పసిదాన్ని పట్టుకుని అంతమాట అన్నానే అని కుమిలిపోయాడు.

కుంటుకుంటూ వెళ్లి రూతు ముందు కూర్చున్నాడు.

"తప్పు నాదే బిడ్డా. నేను గూడ పడ్డ, సూడు."

గీరుకుపోయిన ఆయన మోచేతిని చూసింది రూతు. "మస్తు నొచ్చిందా మామా?"

"మస్తు."

పిల్ల ఎదుటే రంపం తీసి ఆమె కర్రలు రెండంగుళాలు కోసి, టైరు ముక్కలు మళ్లీ కొట్టాడు.

"మరి నేను పెద్దగైతే?"

"అప్పుడు మళ్ల జేస్త. ఏడాదికొక జత."

సాయంత్రం దాకా వాకిట్లో నడిపించాడు.

సోమవారం రూతు ఒంటరిగా బయల్దేరింది. ఇరవై అడుగుల వెనక అబ్బయ్య. ఆగి ఆగి నడిచేసరికి బడి గంట కొట్టేశారు. ఆలస్యంగా వచ్చినవాళ్లను గేటు దగ్గర వరసగా నిలబెట్టడం హెడ్మాస్టరు గోపాలరావు అలవాటు. రూతును చూసి ఆయన గొంతు తగ్గింది.

"నువ్వు లోపలికెళ్లి కూర్చోమ్మా."

"నేను గూడ లేటే గద సార్" అని రూతు వరస చివర నిలబడింది.

నలుగురు పిల్లల పక్కన వాళ్లలాగే నిలబడటం ఆ పిల్లకు అదే మొదలు. ఫ్యాక్టరీ సైరన్ మోగినా అబ్బయ్య కదల్లేదు. గోడ ఇవతల నిలబడి, ఎవరు చూస్తే నాకేమని, సంతోషం పట్టలేక భోరున ఏడ్చాడు.